మాటకు మాట: ఇంగ్లీషు నేర్చుకునే దారి

(రాయపూర్ గుఢియారీలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సుబేదారు చేసిన ప్రసంగ పాఠం)



"సాబ్, ఇంగ్లీషు మాట్లాడటం ఎలా నేర్చుకోవాలో ఓ అరగంట చెప్పండి" అని మన కార్యదర్శిగారు అడిగారు. నేను ప్రొఫెసరును కాను. నా చదువు ఇంటర్మీడియట్. 1988లో జబల్‌పూర్‌లో సిగ్నల్స్ రంగరూటుగా చేరాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసు చేసి 2018లో సుబేదారుగా రిటైరై మళ్ళీ మన గుఢియారీకే వచ్చాను. అప్పటినుంచి వారానికి మూడు సాయంత్రాలు పదిహేను ఇరవై మందిని కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు మాట్లాడిస్తున్నాను. వాళ్ళలో పదో తరగతి గుంటలు ఉన్నారు, నా ఈడు హవల్దార్లు ఉన్నారు, ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ చూసింది, సర్వీసులో చూసింది మీతో మనవి చేసుకుంటాను.

మన సంగతే తీసుకుందాం. ఇక్కడున్న చాలామంది తాతలు, తండ్రులు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పట్టాల వెంట వచ్చినవాళ్ళు. విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తయింది 1931లో. మా నాన్నగారు రైల్వేలో ఖలాసీ. స్టేషనుకు ఈ అవతలి పక్క పెరిగిన మా అందరికీ ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్ళో హిందీ, పరీక్ష కాగితం మీద ఇంగ్లీషు. ఈ నాలుగింటిలో మొదటి మూడూ ఎవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పకుండానే నోటికి వచ్చేశాయి. పదేళ్ళు కూర్చోబెట్టి చెప్పిన నాలుగోది మాత్రం చాలామందికి రాలేదు. ఎందుకని?

నాకు తోచిన జవాబు ఒక్కటే. మొదటి మూడు భాషల్లో మనల్ని ఎవరో ఒకరు ఏదో అడిగారు, మనం జవాబు చెప్పాం. కొట్టువాడు "కతక్ చాహీ" అంటే ఎంత కావాలో చెబితేనే పప్పు వచ్చింది. ఇంగ్లీషులో మాత్రం పదేళ్ళలో మనల్ని నిజంగా ఎవరూ ఏమీ అడగలేదు. పాఠం చదివించారు, ప్రశ్న రాయించారు, జవాబు కంఠతా పట్టించారు. మాటకు మాట అన్నది జరగలేదు. భాష అనేది ఇద్దరి మధ్య ఉండే వస్తువు. ఒక్కడి బుర్రలో నిలవ పెడితే అది పాడైపోతుంది.

ఇది ఊరికే సరదాకి చెప్పే మాట కాదు. దీనివల్ల ఏం నష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. మా వైపు ఒక మాజీ హవల్దారుగారు కాలం చేశారు. ఆయన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నడుస్తున్నాయి. ఒకరోజు ఒక కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఏ కార్యాలయమో మనకు అనవసరం. ఫోను చేసినాయన ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడని ఆ తల్లి ఫోను కూతురి చేతికిచ్చింది. కూతురు డిగ్రీ పాసైన పిల్ల. ఆయన అడిగిన ప్రశ్న ఇదీ:

"షి ఈజ్ నాట్ గెటింగ్ ఎనీ అదర్ పెన్షన్?"

ఆ అమ్మాయి "యెస్ సర్" అంది.

తెలుగులో ఆలోచిస్తే ఆ పిల్ల చెప్పింది నూటికి నూరుపాళ్ళూ సరైనదే. "ఆవిడకు వేరే పెన్షన్ రావటం లేదా?" అంటే మనం "అవునండీ, రావటం లేదు" అంటాం. హిందీలోనూ అంతే, "హాఁ జీ, నహీఁ మిల్తా" అంటారు. తెలుగులో అవును అన్న మాట అడిగినవాడి మాటను ఒప్పుకుంటుంది. ఇంగ్లీషులో యెస్ అన్న మాట జరుగుతున్న సంగతికి తలూపుతుంది. అందుచేత ఆయన "వేరే పెన్షన్ వస్తోంది" అని అర్థం చేసుకుని రాసుకున్నాడు. కాగితాలు అక్కడే ఆగిపోయాయి. ప్రమాణపత్రం రాయించి, రెండుసార్లు తిరిగి, మూడు నెలలకు అది సర్దుబాటయింది. ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఊహించుకోండి.

ఆ పిల్ల తెలివితక్కువది కాదు. టెన్సులన్నీ వరసగా అప్పజెప్పగలదు. పదిహేనేళ్ళ చదువులో ఒక్కసారైనా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి అలాంటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. అంతే లోపం. ఇప్పుడు మా క్లాసులో మొదటి పాఠం ఇదే. ప్రశ్న ఎలా అడిగినా సరే, నిజం "లేదు" అయితే "నో" తో మొదలుపెట్టు, తర్వాత వాక్యం మొత్తం చెప్పు. "నో సర్, షి ఈజ్ నాట్ గెటింగ్ ఎనీ అదర్ పెన్షన్." ఒక్క యెస్, ఒక్క నో తో ఆగవద్దు. వాక్యం పూర్తిచేస్తే ఎదుటివాడికి పొరపడటానికి చోటుండదు.

ఈ బాధ మనకు కొత్తది కాదు. విజయనగరం మహానుభావుడు గురజాడ అప్పారావుగారు దీన్ని నూట ముప్ఫై ఏళ్ళ క్రితమే పట్టుకున్నారు. 1892లో మొదట ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన "కన్యాశుల్కం" నాటకంలో గిరీశం, వెంకటేశం మీకందరికీ తెలిసినవాళ్ళే. అగ్నిహోత్రావధానులుగారి ఇంట్లో వెంకటేశం తల్లి ముచ్చటపడి, మీరిద్దరూ కాస్త ఇంగ్లీషులో మాట్లాడుకోండి, వింటాను అంటుంది. అప్పుడు గురువు, శిష్యుడు ఏం చేస్తారు? ఒకడు చిన్నపిల్లల పద్యం ముక్క అంటాడు, రెండోవాడు వాచకంలో వాక్యం అంటాడు. ఒకడి మాటకు ఇంకొకడి మాటకు సంబంధం ఉండదు. తల్లి మాత్రం కొడుకు ఇంగ్లీషు దంచేస్తున్నాడని పొంగిపోతుంది. ఆ రంగం చూసి ఇప్పటికీ నవ్వుతాం. మరి మన పిల్లల్ని చుట్టాల ముందు నిలబెట్టి "అంకుల్‌కి రైమ్ చెప్పమ్మా" అంటున్నప్పుడు మనం చేస్తున్నదేమిటి? వెంకటేశం తల్లి చేసిన పనే కదా. అప్పజెప్పటం వేరు, మాట్లాడటం వేరు అన్నదే గురజాడవారు నవ్విస్తూ చెప్పిన పాఠం.

మరి నిజంగా భాష నేర్చినవాళ్ళు ఎలా నేర్చారు? మన ఉత్తరాంధ్రలోనే ఇంకో మహానుభావుడున్నారు, గిడుగు రామమూర్తి పంతులుగారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేస్తూ, కొండల మీద ఉండే సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, పాఠ్యపుస్తకం లేదు. సవర భాష వచ్చిన మనిషిని దగ్గర పెట్టుకుని, ఇదేమంటారు, అదేమంటారు అని అడిగి, విని, తిరిగి పలికి నేర్చుకున్నారు. ముందు మాట పట్టుకున్నారు. వ్యాకరణం, నిఘంటువు ఆ తర్వాత ఆయనే తయారుచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇంగ్లీషువాళ్ళ వైపు చూసినా అదే. సి.పి. బ్రౌన్ దొరగారు 1820లో కడప వచ్చి తెలుగులో పడ్డారు. ఆయన నిఘంటువు, వ్యాకరణం గురించి అందరూ చెబుతారు. ఆయన తెలుగు, ఇంగ్లీషు సంభాషణల పుస్తకం కూడా వేశారు, 1853 నాటి ముద్రణ ఉంది. నిఘంటువు రాసినంత పండితుడికి కూడా సంభాషణ పుస్తకం విడిగా కావలసి వచ్చిందంటే ఆలోచించండి. నిఘంటువులో మాటలు ఒంటరిగా ఉంటాయి. సంభాషణలో ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయి.

ఇక మన ఫౌజు సంగతి. "హుకుందార్" అన్న మాట మీలో పాతవాళ్ళు విని ఉంటారు. సంత్రీ రాత్రిపూట ఎవరైనా వస్తే కేకవేసే మాట. అది "హూ కమ్స్ దేర్" అన్న ఇంగ్లీషు వాక్యమే, సిపాయిల నోట్లో పడి అలా మారింది. రిక్రూట్ మన నోట్లో రంగరూటు అయింది. లాంటర్న్ ఇంట్లోకి వచ్చి లాంతరు అయింది. ఆ సిపాయికి అక్షరం ముక్క రాకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న ఎప్పుడు వెయ్యాలో, ఏ జవాబు వస్తే దారి వదలాలో, ఏ జవాబు రాకపోతే తుపాకి ఎత్తాలో అతనికి తెలుసు. అంటే ఆ వాక్యం అతనికి వచ్చినట్టే. ఉచ్చారణ కాస్త అటూఇటూ అయినా పని ఆగలేదు.

నా బ్యాచ్‌లో పలాస వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. జబల్‌పూర్‌లో రైలు దిగేనాటికి వాడికి హిందీ ఒక్క ముక్క రాదు. ఆరు నెలలు తిరిగేసరికి లంగర్‌లో వంటవాడితో పోట్లాడి ఇంకో రొట్టె వేయించుకునేంత హిందీ వచ్చేసింది. వాడికి ఎవరూ విభక్తులు చెప్పలేదు. ఆకలి చెప్పింది, ఉస్తాదు చెప్పాడు, పక్క మంచం వాడు చెప్పాడు. మీలో చాలామంది హిందీ ఇలాగే నేర్చుకున్నారు. ఒకసారి ఆ పని చేసిన మనుషులకు రెండోసారి చెయ్యటం రాదా? నలభై దాటాక భాష రాదు అని కూర్చున్నవాళ్ళకు నేను అడిగే ప్రశ్న ఇది.

సిగ్నల్స్‌లో నాకు దొరికిన గొప్ప బడి వైర్‌లెస్ సెట్టు. సెట్టు మీద మాట్లాడేవాడికి ఎదుటి ముఖం కనిపించదు, చేతులు ఊపితే లాభం లేదు. అందుకని అక్కడ సంభాషణకు కట్టుబాటు పెట్టారు. "ఓవర్" అంటే నా మాట అయింది, నీ జవాబు కోసం చూస్తున్నాను అని. "అవుట్" అంటే సంభాషణ ముగిసింది, జవాబు అక్కర్లేదు అని. సినిమాల్లో "ఓవర్ అండ్ అవుట్" అంటుంటే ఆపరేటర్లు నవ్వుకునేది అందుకే. జవాబు కావాలి అంటూనే అక్కర్లేదు అన్నట్టు అది. "రోజర్" అంటే విన్నాను. "విల్కో" అంటే విన్నాను, చేస్తాను కూడా. వినపడకపోతే "సే అగైన్" అంటాం. "రిపీట్" అనకూడదు. ఎందుకంటే ఫిరంగి దళంలో రిపీట్ అంటే అదే చోట మళ్ళీ కాల్చమని ఆజ్ఞ. డిక్షనరీ ప్రకారం రెండింటి అర్థమూ ఒకటే. ఎవరు, ఎవరితో, ఎక్కడ అంటున్నారన్నదే దాని అసలు అర్థాన్ని నిర్ణయిస్తుంది.

అక్షరాలు చెప్పటానికీ ఒక పద్ధతి ఉంది. ఆల్ఫా, బ్రావో, చార్లీ అనే ఈ వరస 1956 నుంచి ప్రపంచమంతా వాడుకలో ఉంది. ఫోనులో బి, డి, పి, టి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. నాయుడు అన్న పేరు చెప్పాలంటే "నవంబర్, ఆల్ఫా, ఇండియా, డెల్టా, యూనిఫాం" అంటే ఇక తప్పు పడదు. పేరులో ఒక అక్షరం తేడా వచ్చి పెన్షన్ కాగితాలు తిరిగొచ్చిన ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. ఈ ఇరవయ్యారు మాటలు ఇంట్లో ఆడవాళ్ళకు, పిల్లలకు నేర్పండి. ఒక ఆదివారం చాలు.

"సాబ్, ఇవన్నీ సరే, గ్రామరు లేకుండా ఇంగ్లీషు ఎలా వస్తుంది" అని అడుగుతారు. గ్రామరు అక్కర్లేదని నేను అనటం లేదు. అది సంభాషణలోనే ఉంది, అందులోంచి తీసి చూపించాలి అంటున్నాను. డాక్టరు దగ్గర జరిగే ఆరు ముక్కల మాట వినండి.

"వాట్ ఈజ్ ది ప్రాబ్లం?"

"ఐ హ్యావ్ ఎ ఫీవర్, డాక్టర్."

"హౌ లాంగ్ హ్యావ్ యు హ్యాడ్ ఇట్?"

"ఫర్ త్రీ డేస్. సిన్స్ మండే."

"డిడ్ యు టేక్ ఎనీ మెడిసిన్?"

"యెస్, ఐ టుక్ వన్ టాబ్లెట్ లాస్ట్ నైట్."

ఇద్దరిని లేపి, ఒకరిని డాక్టరుగా, ఒకరిని రోగిగా పెట్టి ఇది పదిసార్లు ఆడిస్తాను. తర్వాత వేషాలు మారుస్తాను. నోటికి వచ్చాక అప్పుడు పలక మీద రాసి విప్పి చూపిస్తాను.

మొదటిది, "నాకు" అన్న మాట. తెలుగులో నాకు జ్వరం వచ్చింది, నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇద్దరు పిల్లలు, అన్నీ "నాకు" తో మొదలవుతాయి. ఇంగ్లీషులో ఇవన్నీ "ఐ" తో మొదలవుతాయి. ఐ హ్యావ్ ఎ ఫీవర్, ఐ నో, ఐ వాంట్, ఐ హ్యావ్ టూ చిల్డ్రన్. ఈ ఒక్క సంగతి పట్టుబడితే "ఫీవర్ ఈజ్ కమింగ్ టు మీ" అనటం ఆగిపోతుంది.

రెండవది, "నుంచి". మనం మూడు రోజుల నుంచి అంటాం, సోమవారం నుంచి అని కూడా అంటాం. రెండింటికీ ఒకే "నుంచి". ఇంగ్లీషువాడు ఆ పనిని ఇద్దరికి పంచాడు. ఎప్పుడు మొదలైందో చెప్పేది సిన్స్, ఎంత కాలమో చెప్పేది ఫర్. అందుకే మనవాళ్ళందరూ "సిన్స్ త్రీ డేస్" అంటారు. మన తెలుగు "నుంచి" మనతో అలా అనిపిస్తోందని తెలిస్తే దిద్దుకోవటం తేలిక.

మూడవది, "డిడ్". తెలుగులో ప్రశ్న వెయ్యటం ఎంత సులువు! వేసుకున్నావు అన్నదానికి చివర దీర్ఘం తీస్తే వేసుకున్నావా అయింది. ఇంగ్లీషులో ఆ పనికి "డిడ్" ముందుకొచ్చి నిలబడుతుంది. అప్పుడు "టుక్" తిరిగి "టేక్" అయిపోతుంది. దీన్ని నేను మన భాషలో ఇలా చెబుతాను. జరిగిపోయిన కాలాన్ని కాపలా కాసే డ్యూటీ ఒకటే, సంత్రీ ఒకడే. డిడ్ డ్యూటీ ఎక్కితే టుక్ బ్యారక్‌కి వెళ్ళి యూనిఫాం విప్పి టేక్ అయి పడుకుంటుంది. ఇద్దరూ ఒకే పోస్టు మీద నిలబడరు. ఇది విన్నాక మా హవల్దార్లెవరూ "డిడ్ యు టుక్" అనలేదు.

నాలుగవది, మాటల కూడిక. మనం మాత్ర వేసుకుంటాం, హిందీవాళ్ళు దవాయి తింటారు, ఇంగ్లీషువాళ్ళు టేక్ చేస్తారు. మెడిసిన్ అన్న మాట ఒక్కటే నేర్చుకుంటే దాని పక్కన ఏం పెట్టాలో తెలియదు. అందుకే నోటుపుస్తకంలో ఒంటరి పదం రాయవద్దంటాను. జంటగా రాయండి, వీలైతే వాక్యంగా రాయండి. ఒక ఫారం చుట్టూ నాలుగు క్రియలు తిరుగుతాయి: కలెక్ట్ ది ఫారం, ఫిల్ ఇన్ ది ఫారం, సైన్ ది ఫారం, సబ్మిట్ ది ఫారం. కౌంటరు దగ్గర పని ఏ వరసలో జరుగుతుందో ఆ వరసలోనే నేర్చుకుంటే మరిచిపోరు.

ఇంకొకటి, మర్యాద. మన తెలుగులో మర్యాద క్రియ చివర ఉంటుంది. ఇవ్వు అంటే ఒకటి, ఇవ్వండి అంటే ఒకటి. ఇంగ్లీషులో "అండి" లేదు. అక్కడ మర్యాదంతా ప్రశ్నలో ఉంటుంది. "గివ్ మీ ఎ ఫారం" అంటే పరేడ్ గ్రౌండ్‌లో హుకుం ఇచ్చినట్టుంటుంది. "కుడ్ యు గివ్ మీ ఎ ఫారం, ప్లీజ్?" అంటే అండి చేర్చినట్టు. మన ఫౌజీ గొంతు అసలే పెద్దది. దానికి ఆజ్ఞ కూడా తోడైతే కౌంటరు అమ్మాయి బెదిరిపోతుంది. కుడ్ యు, మే ఐ, ఈ రెండూ జేబులో పెట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు రిటైరై వస్తున్న తమ్ముళ్ళ గురించి. మనలో చాలామంది నలభై ఏళ్ళకే బయటికి వస్తాం. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో చేరినవాళ్ళది నాలుగేళ్ళ సర్వీసు. ఆ ప్రకటన ప్రకారం ఒక్కో బ్యాచ్‌లో రెగ్యులర్‌గా కొనసాగేది పాతిక శాతం వరకే. మిగిలిన పిల్లలు చిన్న వయసులోనే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. బ్యాంకుల్లో, ఫ్యాక్టరీల్లో, మాల్స్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇంటర్వ్యూకి వెళితే మొదటి ప్రశ్న "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్." మనవాడు అటెన్షన్‌లో నిలబడి "మైసెల్ఫ్ ఎక్స్ హవల్దార్ సో అండ్ సో, సర్, డ్యూటీ సీహెచ్ఎం, క్వార్టర్ గార్డ్, కోత్" అంటాడు. అవతల కూర్చున్న సివిలియన్ కుర్రాడికి ఒక్క ముక్క బోధపడదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఆ గదిలో ఎవరికీ వినబడకుండా పోతుంది.

మా క్లాసులో అదే మాటను ఇలా చెప్పిస్తాం:

"ఐ సర్వ్డ్ ఇన్ ది ఆర్మీ ఫర్ ట్వంటీ ఇయర్స్."

"వాట్ వాజ్ యువర్ లాస్ట్ జాబ్ దేర్?"

"ఐ మేనేజ్డ్ ది డైలీ డ్యూటీస్ ఆఫ్ ఎ కంపెనీ, అబౌట్ ఎ హండ్రెడ్ అండ్ ట్వంటీ మెన్. ఐ వాజ్ ఆల్సో రెస్పాన్సిబుల్ ఫర్ ది వెపన్స్."

"డిడ్ యు ఎవర్ లూజ్ ఎనీథింగ్?"

"నో సర్, నెవర్."

నూట ఇరవై మంది మనుషులు, ఒక గదినిండా ఆయుధాలు, ఒక్క తూటా లెక్క తప్పకుండా చూసిన మనిషి! ఆ సంగతి సివిలియన్‌కు అర్థమయ్యే నాలుగు మామూలు వాక్యాల్లో చెప్పగలిగితే కుర్చీ చూపించి కూర్చోమంటారు. ఇక్కడ కావలసింది గొప్ప ఇంగ్లీషు కాదు. మన పనిని వాళ్ళ మాటల్లో పెట్టటం, అంతే.

కొందరు పెద్దలు ఒక మాట అంటారు. ముందు పునాదిగా గ్రామరు బాగా చదవాలి, తర్వాతే నోరు విప్పాలి, లేకపోతే నలుగురూ నవ్వుతారు అని. వాళ్ళ భయం నాకు తెలుసు. మ్యాప్ రీడింగ్ క్లాసు గుర్తు చేసుకోండి. మ్యాపు చేతిలో పట్టుకుని గదిలో కూర్చుంటే కొండ ఏదో, నాలా ఏదో తెలియదు. బయటికి వెళ్ళి, మ్యాపును నేలతో సరిపెట్టుకుంటేనే గీతలకు అర్థం వస్తుంది. గ్రామరు మ్యాపు లాంటిది, సంభాషణ నేల లాంటిది. మ్యాపు లేకుండా చాలా దూరం వెళితే దారి తప్పుతాం, నిజమే. నేల మీద అడుగే పెట్టకపోతే అసలు బయలుదేరనే లేదు. ఇక నవ్వు సంగతి. మా క్లాసులో ఒకటే రూలు: తప్పు మాట్లాడినవాడికి శిక్ష లేదు, నవ్వినవాడికి పది బస్కీలు. ఇల్లాళ్ళు నవ్వితే అందరికీ టీ వాళ్ళదే.

ఫోనులో అనువాదం చేసే యాప్‌లు వచ్చాయి కదా అంటారు. మంచివే, వాడుకోండి. ఉచ్చారణ వినటానికి, తెలియని మాట చూసుకోవటానికి అవి ఉస్తాదు లాంటివి. అయితే ఇంటర్వ్యూ గదిలో, అర్ధరాత్రి ఆసుపత్రిలో, ఫోను అవతల గుమస్తా గబగబా అడుగుతున్నప్పుడు యాప్ తెరిచే వ్యవధి ఉండదు. ఆ క్షణానికి మన నాలుకే దిక్కు.

మరి ఇంట్లో ఏం చెయ్యాలి? ఖర్చులేని పనులు నాలుగు చెబుతాను. రోజుకు ఒక సంభాషణ, ఆరు వాక్యాలకు మించకుండా, ఆ వారంలో నిజంగా పడబోయే పని మీద పెట్టుకోండి. బ్యాంకుకు వెళ్ళే వారం బ్యాంకు మాటలు, బడిలో పేరెంట్ మీటింగ్ ఉన్న వారం బడి మాటలు. రెండు, అది ఒక్కరే చదవవద్దు, ఇద్దరు కలిసి గట్టిగా అనండి. భార్యాభర్తలు కావచ్చు, తాతా మనవడు కావచ్చు. మూడు, నోటికి వచ్చాక ఒక్క మాట మార్చి చూడండి. మండే తీసి ఫ్రైడే పెట్టండి, ఐ తీసి షి పెట్టండి. "ఐ హ్యావ్" అన్నది "షి హ్యాజ్" అవుతుంది. గ్రామరు కదలటం మీ కళ్ళతో మీరే చూస్తారు. నాలుగు, ఆ సంభాషణను చివర మంచి తెలుగులో ఒకసారి చెప్పుకోండి.

ఈ నాలుగోదాన్ని మరవవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. మన రాష్ట్రంలో 2020 నుంచి స్వామి ఆత్మానంద్ పేరుతో ప్రభుత్వ ఇంగ్లీషు మీడియం బడులు వచ్చాయి. కూలి పనివాళ్ళ పిల్లలు కూడా ఇంగ్లీషులో చదువుతున్నారు, సంతోషం. కానీ ఇక్కడ మన పిల్లలకు తెలుగు బడిలో లేదు, బజారులో లేదు. ఉన్నది ఇంట్లోనే. ఇంగ్లీషు నేర్పాలనే తొందరలో తల్లులు పిల్లలతో వచ్చీరాని ఇంగ్లీషే మాట్లాడుతుంటే ఆ పిల్లలకు తెలుగు పోతుంది, ఇంగ్లీషూ సరిగ్గా రాదు. అవునుకు, యెస్‌కు తేడా ఏమిటో తెలియాలంటే ముందు అవును అంటే తెలిసి ఉండాలి కదా. "నుంచి" రెండు పనులు చేస్తోందని తెలుగు వచ్చినవాడికే కనబడుతుంది. గిడుగువారికి తెలుగు గట్టిగా వచ్చు కాబట్టే సవర భాష లోతు తెలిసింది.

చివరిగా ఒక విన్నపం. మన సభ్యుల్లో గుమస్తాలుగా, ఎడ్యుకేషన్ ఇన్‌స్ట్రక్టర్లుగా, నర్సింగ్ అసిస్టెంట్లుగా చేసి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఎయిర్ ఫోర్స్, నేవీ నుంచి వచ్చినవాళ్ళ ఇంగ్లీషు మాకంటే బాగుంటుంది. వారానికి ఒక్క గంట ఇవ్వండి. మీరు పాఠం చెప్పనక్కర్లేదు. ఎదురుగా కూర్చుని ఒక ప్రశ్న వెయ్యండి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా ఆగండి. సర్వీసులో ఉన్నప్పుడు మన కంపెనీలో ఒక్క జవాను కూడా వెనకబడకూడదని చూశాం. రిటైరయ్యాక మన ఇళ్ళల్లో ఒక తల్లి ఫోను తీసుకోవటానికి భయపడకూడదని, ఒక తమ్ముడు ఇంటర్వ్యూ గది గుమ్మం దగ్గరే తడబడకూడదని చూడటం కూడా మన డ్యూటీయే.

 క్లాసు సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం ఏడు గంటలకు. చెప్పులు బయట, సిగ్గు కూడా బయటే వదిలి రండి.

జై హింద్.